ఎనభై ఐదు వేల కోర్సా, చేతిలో ఉన్న ఉద్యోగమా?

ఖమ్మం జిల్లాకు చెందిన ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆవిడ వయసు 25. పదో తరగతి వరకు తెలుగు మీడియం, తర్వాత ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బీకాం కంప్యూటర్స్. మూడేళ్లుగా హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ బీమా కంపెనీల తరఫున ఆరోగ్య బీమా క్లెయిములు చూసే ఒక టీపీఏ (థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్) కంపెనీలో పనిచేస్తున్నారు. ఆసుపత్రులు పంపిన కాగితాలు పరిశీలించడం, లోటున్నచోట మెయిల్ పెట్టి తెప్పించుకోవడం పని. జీతం చేతికి 24 వేలు. మొన్న టీమ్ లీడ్ పోస్టు ఖాళీ అయితే తనకంటే ఏడాది వెనక చేరిన అమ్మాయికి ఇచ్చారు. ఎందుకని అడిగితే మేనేజర్ "వర్క్ బాగుంటుంది, కమ్యూనికేషనే ఇంప్రూవ్ చేసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆ మాట మనసులో పెట్టుకుని ఆవిడ అమీర్‌పేటలో ఒక శిక్షణ సంస్థకు వెళ్లారు. ఆరు నెలల బిజినెస్ కమ్యూనికేషన్ డిప్లొమా, ఫీజు 85 వేలు. పగటి తరగతులు కాబట్టి ఉద్యోగం మానాలి. "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నారు. సీటు ఆపాలంటే ఈ వారంలో 5 వేలు కట్టమన్నారు. ఆర్టీసీలో కండక్టరైన నాన్న, "అప్పు తెస్తాను, చేరమ్మా" అంటున్నారు. మేనమామ ఎంబీఏ చేయమంటున్నారు. సంబంధాలు చూస్తుంటే ఇప్పుడు ఉద్యోగం మానడమేంటని అమ్మ. "అసలు బిజినెస్ కమ్యూనికేషన్ చదివితే ఏ ఉద్యోగం వస్తుంది? ఇంగ్లిష్ మీడియం పిల్లల పక్కన నేను నిలబడగలనా?" అని అడిగారు. తాను ఒక ఆసుపత్రికి పెట్టిన మెయిల్‌ను కూడా, పేర్లు నంబర్లు చెరిపేసి, జతచేశారు.

సమాధానం

మీ నాలుగు పేజీలకంటే ఆ ఒక్క మెయిల్ నాకు ఎక్కువ చెప్పింది. ముందు దాని సంగతి చూద్దాం. కోర్సు, అప్పు, ఎంబీఏ తర్వాత.

పదకొండు లైన్ల మెయిల్ అది. తెలుగులో చెప్పుకుంటే ఇలా సాగింది: ఫలానా తేదీన మీ క్లెయిము మాకు అందింది, పరిశీలించాము, పరిశీలనలో డిశ్చార్జ్ సమ్మరీ చూశాము, మోకాలి ఆపరేషన్ అని ఉంది, బిల్లులో ఇంప్లాంట్ (శరీరంలో అమర్చే పరికరం) ఖర్చు వేశారు, అయితే దానికి సంబంధించిన ఆధారాలు జతచేసినట్టు కనపడలేదు, కావున ఇంప్లాంట్ స్టిక్కరు, ఇన్‌వాయిస్ పంపి 'డూ ది నీడ్‌ఫుల్'. అడగాల్సింది పదో లైన్లో ఉంది. ఎప్పటిలోగా పంపాలో ఎక్కడా లేదు. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చున్న మనిషి రోజుకు ఇలాంటివి ఎన్నో చూస్తాడు. మొదటి రెండు లైన్లు చదివి "అందిందట, చూస్తున్నారట" అనుకుని మూసేస్తాడు. మీరు మళ్లీ రిమైండర్ పెడతారు, క్లెయిము ఆగుతుంది, పేషంటు మీ కాల్ సెంటర్‌కు ఫోన్ చేసి గొడవపడతాడు. మీ మేనేజర్‌కు కనిపించేది ఆ చివరి గొడవ.

ఇందులో వ్యాకరణ దోషాలు రెండే: 'డిస్కస్ అబౌట్', 'రివర్ట్ బ్యాక్' (ఇక్కడ 'అబౌట్', 'బ్యాక్' అక్కర్లేదు). ఈ రెండూ ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లూ రోజూ రాస్తారు. కాబట్టి మీ అసలు ఇబ్బంది భాషలో లేదు. చెప్పే వరసలో ఉంది. ఆ వరస మనకు బడిలోనే అలవాటు చేశారు. సెలవు చీటీ గుర్తు తెచ్చుకోండి. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని మొదలై, సెలవు కావాలన్న ముక్క చివర్లో వస్తుంది. ముందు కారణం, తర్వాత కోరిక. పెద్దవాళ్లను నేరుగా అడగడం మర్యాద కాదని మనకు ఇంట్లోనూ అదే నేర్పారు. ఆఫీసు మెయిల్‌కు మాత్రం దీన్ని తలకిందులు చేయాలి.

అదే మెయిల్ ఇలా ఉండొచ్చు. సబ్జెక్ట్ లైన్లో క్లెయిము నంబరు, 'ఇంప్లాంట్ స్టిక్కర్, ఇన్‌వాయిస్ కావాలి', తేదీ, 'సాయంత్రం 5 లోపు'. మెయిల్ తెరవకుండానే పని తెలిసిపోవాలి. లోపల మొదటి వాక్యం, ఏ కాగితాలు, ఎప్పటికి. రెండోది, ఎందుకు: బిల్లులో ఇంప్లాంట్ ఖర్చు ఉంది, ఆధారం లేదు. మూడోది, రాకపోతే ఏమవుతుంది: ఆ మొత్తం పక్కన పెట్టి మిగతాది సెటిల్ చేస్తాం. నాలుగోది, సందేహం ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి. పదకొండు లైన్లు నాలుగయ్యాయి, ఇంగ్లిష్ పెద్దగా మారలేదు. అన్నట్టు, విదేశీ క్లయింట్లకు రాసేటప్పుడు 'ఐ హావ్ ఎ డౌట్' అనకండి. మనకు డౌట్ అంటే ప్రశ్న, వాళ్లకు అపనమ్మకం.

ఈ వరస అన్నిచోట్లా పనికిరాదు. క్లెయిము తిరస్కరించామని పాలసీదారుకు రాసేటప్పుడు మొదటి మాటే "ఇవ్వలేం" అంటే అవతలి మనిషి తర్వాతిది చదవడు. అక్కడ ఒక వాక్యంలో ఏ క్లెయిము గురించి రాస్తున్నామో గుర్తుచేసి, రెండో వాక్యంలో నిర్ణయం, వెంటనే పాలసీలో ఏ నిబంధన ప్రకారమో, ఆపైన ఎక్కడ అప్పీలు చేసుకోవచ్చో చెప్పాలి. ఇది మర్యాదతో ఆగేది కాదు, నియమం కూడా. 2024 మేలో బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, తిరస్కరిస్తే ఏ నిబంధన కిందో ఉత్తరంలో చూపించాలి. ఇలాంటి ఉత్తరాన్ని చట్టానికి నిలబడేలా, మనిషికి అర్థమయ్యేలా రాయగలవాళ్లు మీ రంగంలో అవసరం. ఇది మనసులో ఉంచుకోండి, మళ్లీ వస్తాను.

మేనేజర్ అన్న 'కమ్యూనికేషన్' మెయిలా, మీటింగులో మాటా, సమస్యను పైవాళ్లకు చేరవేసే తీరా? మీకు తెలియదు. బహుశా ఆయన కూడా విడదీసి ఆలోచించి ఉండరు. కాబట్టి నేనెక్కడ వెనకబడ్డానని అడగకండి. పాత మెయిల్, పైన చెప్పినట్టు తిరగరాసిన మెయిల్, రెండూ తీసుకెళ్లి "వీటిలో మీరైతే ఏది పంపుతారు, ఏం మారుస్తారు?" అని అడగండి. చేతిలో కాగితం ఉంటే జవాబు కూడా కచ్చితంగా వస్తుంది. పక్క టీమ్ లీడ్‌నూ ఇదే అడగండి. ఇద్దరూ మీటింగుల సంగతే ఎత్తితే, అసలు లోటు అక్కడన్నమాట.

మీటింగులో మాట్లాడటానికి భయమని రాశారు. అక్కడా అదే సూత్రం: ముందు అంకె. "నిన్నటికి 62 పెండింగ్, అందులో 40 ఒకే ఆసుపత్రివి, వాళ్లతో ఈరోజు మాట్లాడుతున్నాను." మూడు ముక్కలు, ఇరవై సెకన్లు. మీటింగుకు ముందు వాటిని కాగితం మీద రాసుకుని, ఫోన్లో రికార్డు చేసి ఒకసారి వినండి. ఉచ్చారణలో అమెరికా యాస కోసం పాకులాడొద్దు. తెలుగువాళ్లకు అడ్డుపడేవి ముఖ్యంగా మూడు. ఎగ్‌ను 'యెగ్' అనడం, ఓపెన్‌ను 'వోపెన్' అనడం, పదం చివర 'ఉ' చేర్చి 'బిల్లు', 'బ్యాంకు' అనడం. రోజుకు పది నిమిషాల చొప్పున గట్టిగా చదువుతూ పోతే రెండు నెలల్లో తేడా మీకే వినిపిస్తుంది.

ఇక మీ పెద్ద ప్రశ్న. బిజినెస్ కమ్యూనికేషన్ ఒక సబ్జెక్టు. బీకాంలో మీరూ ఆ పేపరు రాసే ఉంటారు. ఎంబీఏ మొదటి ఏడాదిలో ఒక పేపరు. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ 2022 సిలబస్‌లో ఫౌండేషన్ మొదటి పేపరు వ్యాపార చట్టాలతో కలిపి ఇదే. 2020లో కంపెనీ సెక్రటరీ కోర్సుకు తెచ్చిన ప్రవేశ పరీక్షలోనూ ఇది మొదటి పేపరు. గమనించారా, ప్రతిచోటా ఇంకోదాని పక్కన కూర్చుంటుంది. ఒంటరిగా దీన్ని చూసి ఉద్యోగమిచ్చే కంపెనీలు అరుదు. "దేని గురించి రాస్తారు?" అనే ప్రశ్నకు జవాబున్నవాళ్లకే ఇది జీతం తెస్తుంది. ఆ జవాబు ఏ సంస్థా ఆరు నెలల్లో అమ్మలేదు. మీ దగ్గర అది మూడేళ్ల నుంచీ ఉంది: ఆరోగ్య బీమా క్లెయిములు.

ఆ కోణంలో చూస్తే మీ ముందు నాలుగు దారులున్నాయి.

అన్నిటికంటే దగ్గరిది, ఉన్న రంగంలోనే పక్కకు జరగడం. మీ కంపెనీలోనో, బీమా కంపెనీలోనో ఫిర్యాదుల విభాగం ఉంటుంది. తిరస్కరణ ఉత్తరాలు, ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌కు వచ్చే ఫిర్యాదులకు జవాబులు, బీమా వివాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లే కేసుల వివరణలు రాసేది అక్కడే. ఇంకోటి ప్రాసెస్ ట్రైనర్: కొత్త బ్యాచ్‌కు పని నేర్పడం, ఎస్‌ఓపీలు (ఏ పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు) రాయడం. సహోద్యోగులు తమ మెయిల్స్ మీకు చూపించి దిద్దించుకుంటారని మీరే రాశారు. ట్రైనర్ పనిలో సగం మీరు జీతం లేకుండా చేస్తున్నట్టే. ఇక్కడ జీతం పెరుగుదల నెమ్మది. కంపెనీలో ఖాళీ రాకపోతే ఏడాది కూడా ఆగాల్సి రావచ్చు. కానీ ఉద్యోగం వదలక్కర్లేదు, అప్పు అక్కర్లేదు.

రెండోది టెక్నికల్ రైటింగ్. సాఫ్ట్‌వేర్‌కు యూజర్ గైడ్లు, రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పేవి), ఏపీఐ డాక్యుమెంటేషన్ (ఒక సాఫ్ట్‌వేర్‌ను ఇంకోదానితో కలిపే తీరుకు వివరణ) రాసే పని. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ ఉద్యోగాలున్నాయి. ఆసుపత్రుల, బీమా సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు మీ అనుభవం అదనపు అర్హత. నేర్చుకోవాల్సినవి మార్క్‌డౌన్ (రాతను తేలిక గుర్తులతో అమర్చే పద్ధతి), గిట్ (ఫైళ్లలో మార్పులను నమోదు చేసే టూల్) ప్రాథమికాలు, ఆ తర్వాత డిటా (పెద్ద డాక్యుమెంట్లను ముక్కలుగా రాసే ప్రమాణం). గూగుల్ టెక్నికల్ రైటింగ్ పాఠాలు ఉచితంగా పెట్టింది, వాటితో మొదలుపెట్టండి. ఇక్కడ సర్టిఫికెట్ కంటే నమూనాలు అడుగుతారు. మూడు చాలు. ఉదాహరణకు, బీమా భరోసాలో ఫిర్యాదు నమోదు చేయడం ఎలా అనే గైడ్, ఏదైనా గృహోపకరణం మాన్యువల్‌కు మీరు చేసిన తిరగరాత, ఒక యాప్‌లో వచ్చే ఎర్రర్ మెసేజ్‌లకు వివరణ. రాశాక హాస్టల్లో ఎవరికైనా ఇచ్చి, మీరు నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. ఆ అమ్మాయి ఎక్కడ ఆగితే అక్కడ తప్పు మీ వాక్యానిది. ఈ దారిలో ఎక్కువమంది బోర్లాపడేది, ఇంగ్లిష్ బాగుంటే సరిపోతుందనుకుని సాఫ్ట్‌వేర్ జోలికి పోకపోవడం వల్ల. ఇంకో సంగతి, మామూలు వెబ్‌సైట్ కంటెంట్ రైటింగ్‌ను మాత్రం ఇప్పుడు ఎంచుకోకండి. ఆ పనిలో కింది మెట్లను ఏఐ టూల్స్ తినేస్తున్నాయి. అదే టూల్ మీ తిరస్కరణ ఉత్తరం రాస్తే పాలసీలో లేని నిబంధన నంబరు ధీమాగా వేసేస్తుంది. అది తప్పని పట్టుకోగలిగేది క్లెయిములు తెలిసిన మనిషే.

మూడోది కార్పొరేట్ కమ్యూనికేషన్స్, పీఆర్ (ప్రజాసంబంధాలు): ప్రెస్ నోట్లు, ఉద్యోగులకు సమాచారం, వార్షిక నివేదికలు. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022–23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే సుస్థిరత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాల్సి రావడంతో అలాంటివి రాయగలవాళ్లకూ పని పెరిగింది. ఈ రంగానికి మాత్రం చదువు కావాలి. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ కమ్యూనికేషన్ ఉంది. ఢిల్లీ ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) ప్రకటనలు, ప్రజాసంబంధాల కోర్సుకు పేరున్నది. అహ్మదాబాద్‌లోని మైకా వంటి ప్రైవేటు సంస్థల ఫీజు లక్షల్లో ఉంటుంది. మీ ఇంటి పరిస్థితికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే సరిపోతాయి. మీ తెలుగు ఇక్కడ పెట్టుబడి. ఇంగ్లిష్ ప్రెస్ నోట్‌ను తెలుగు పత్రిక డెస్కు మార్చాల్సిన పని లేకుండా రాసిచ్చేవాళ్లు తక్కువ. అయితే రెండేళ్లు జీతం ఉండదు, చదివాక మొదటి జీతం ఇప్పటి 24 వేలకు అటూఇటూగానే మొదలైనా ఆశ్చర్యపోకండి.

నాలుగోది కంపెనీ సెక్రటరీ, అంటే కంపెనీ చట్టపరమైన పనులు చూసే వృత్తి. బీకాం వాళ్లకు సహజమైన దారే, కానీ పొడవైనది. ఎగ్జిక్యూటివ్, ప్రొఫెషనల్ దశలు, 21 నెలల శిక్షణ. రాత ఎంత బరువైన బాధ్యతో చూడాలంటే ఈ వృత్తిని చూడాలి. బోర్డు సమావేశం మినిట్స్ (చర్చల, నిర్ణయాల రికార్డు) ముసాయిదా 15 రోజుల్లో డైరెక్టర్లకు పంపాలి, వాళ్లు 7 రోజుల్లో అభిప్రాయం చెప్పాలి, 30 రోజుల్లో మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. ఒక మాట అటూఇటూ అయితే కోర్టులో తేలుతుంది. మీకు చట్టం చదవడం ఇష్టమైతేనే ఇటు చూడండి. మీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకు కనపడలేదు.

ఎంబీఏ విషయం: మేనమామ గారి మాట తప్పు కాదు, కానీ మీ సమస్యకు అది మందు కాదు. అక్కడ ఇది ఒక్క పేపరు. హెచ్‌ఆర్‌లోకో మార్కెటింగ్‌లోకో వెళ్లాలని మీకుంటే ఐసెట్ రాయండి, మంచి ర్యాంకు వచ్చి మంచి కళాశాల దొరికితేనే చేరండి.

ఇప్పుడు ఆ 85 వేలు. రెండేళ్లకు 14 శాతం వడ్డీకి తెస్తే నెలకు సుమారు 4,080 చొప్పున మొత్తం 98 వేలకు దగ్గరగా కడతారు. ఆరు నెలల జీతం పోతుంది, అది 1,44,000. అంటే కోర్సు అసలు ఖరీదు రెండు లక్షల నలభై వేల పైమాటే. ఈ అంకె నాన్నగారికి చెప్పారా? ఫీజు ఒక్కటే ఆయన కళ్లముందు ఉండి ఉంటుంది.

నూరు శాతం ప్లేస్‌మెంట్ అనే మాట గురించి. కోచింగ్ సంస్థలు ఉద్యోగ హామీలిచ్చి తప్పుదోవ పట్టించకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబరు 13న మార్గదర్శకాలు జారీ చేసింది. కాబట్టి ఆ సంస్థను కాగితం మీద అడగండి: పోయిన బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఏ హోదాలో, ఎంత జీతానికి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారు. ప్లేస్‌మెంట్ అంటే ఇంటర్వ్యూకు పంపడమా, ఆఫర్ లెటరా అన్నది కూడా రాయించుకోండి. చాలాచోట్ల వచ్చేది కాల్ సెంటర్ ఉద్యోగం, అదీ మీ ఇప్పటి జీతానికి తక్కువగా. రాతపూర్వకంగా ఇవ్వనంటే మీకు జవాబు వచ్చేసినట్టే. సాయంత్రం లేదా వారాంతపు బ్యాచ్ ఉండి, ఫీజు వాయిదాల్లో తీసుకుంటే లెక్క కొంత మారుతుంది. అప్పుడు కూడా రెండు డెమో తరగతులు చూశాకే. టీచరు మీ మెయిల్ లాంటిది తీసుకుని బోర్డు మీద దిద్దితే మంచి గుర్తు. వ్యక్తిత్వ వికాసం మీద ఉపన్యాసమిస్తే లేచి వచ్చేయండి.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ అధ్యాపకుల బిజినెస్ ఇంగ్లిష్, సాఫ్ట్ స్కిల్స్ కోర్సులు వస్తుంటాయి. 4, 8, 12 వారాల కోర్సులు, జనవరిలో, జూలైలో మొదలవుతాయి. పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయలు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వారం వారం అసైన్‌మెంట్ గడువు దాటిందా, ఆ మార్కులు పోయినట్టే. మధ్యలో వదిలేయడం తేలిక, కాబట్టి హాస్టల్లో ఇంకొకరిని తోడు చేర్చుకోండి.

దానితోపాటు ఒక ఫైలు పెట్టుకోండి. మూడు నెలలపాటు వారానికి రెండు మెయిల్స్ తిరగరాసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన. కొత్తది పంపాక ఆసుపత్రి ఎన్ని రోజుల్లో జవాబిచ్చిందో, ఎన్ని రిమైండర్లు పట్టాయో రాసుకోండి. మూడో నెల చివర "ఒక క్లెయిముకు నా సగటు రిమైండర్లు ఇంత నుంచి ఇంతకు తగ్గాయి" అని మీరు చూపించగలిగితే, తర్వాతి టీమ్ లీడ్ ఖాళీకైనా బయటి ఇంటర్వ్యూకైనా ఏ డిప్లొమా దాని ముందు నిలవదు. ఒక్క జాగ్రత్త. పేషంటు పేరు, పాలసీ నంబరు, జబ్బు వివరాలు ఉన్న ఏ కాగితమూ ఇంటికి తీసుకెళ్లకండి, బయటి ఏఐ టూల్స్‌లో అతికించకండి. ఉద్యోగం పోవడమే కాదు, 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉంది. నాకు పంపిన మెయిల్‌లో మీరు అన్నీ చెరిపేశారు కాబట్టి ఈ విషయం మీకు తెలుసనే అనుకుంటున్నాను. నమూనాలన్నీ కల్పిత వివరాలతో మళ్లీ రాయండి.

అమ్మగారి మాటలో ఒకటి మాత్రం నిజం. సంబంధం కుదిరి ఊరు మారాల్సి వస్తే, మధ్యలో ఆపిన కోర్సు వెంట రాదు, ఉద్యోగంలో గడించిన అనుభవం వస్తుంది. టెక్నికల్ రైటింగ్‌లో ఇంటి నుంచి చేసే పని కూడా దొరుకుతుంది. ఇది పెళ్లి గురించి సలహా కాదు, దారుల లెక్కలో ఒక అంశం మాత్రమే.

ఈ వారం చేయాల్సింది కొంచెమే. సీటుకు 5 వేలు కట్టకండి. నిజంగా మంచి కోర్సయితే వచ్చే బ్యాచ్‌లోనూ సీటుంటుంది. ఒకవేళ ఇప్పటికే కట్టి ఉంటే రసీదు దాచుకుని, వద్దనుకుంటున్నట్టు మెయిల్‌లో రాయండి, ఫోన్లో కాదు. వెనక్కివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఆ మెయిల్‌లో మొదటి వాక్యం ఏముండాలో మీకిప్పుడు తెలుసు: ఎంత డబ్బు, ఏ తేదీలోగా, ఏ ఖాతాకు.